సర్వి చెట్టు ఎండేదాకా

అక్టోబరు సగం గడిచిందంటే మా అమ్మ బంగళాలో పిల్లల గది దోమతెరలు దింపి ఉతికేది. అవి దండెం మీద ఆరుతుండగానే మా నాన్న బజారుకెళ్ళి మైదా, దాల్చినచెక్క, లవంగాలు తెచ్చేవాడు. ఈ రెండు పనులూ ఒకే రోజు జరిగాయంటే కొడైకెనాల్ స్కూలు నుంచి మా అమెరికా మిషనరీ దొరగారి పిల్లలు బయల్దేరారని మాకు తెలిసిపోయేది. మా లెక్కలో క్రిస్మస్ ఆ రోజునే మొదలు.

మా నాన్న ఒంగోలు మిషన్ కాంపౌండులో బట్లరు. బంగళాల్లో వంట చేసేవాళ్ళని అప్పట్లో అలాగే పిలిచేవాళ్ళు. అమ్మ అక్కడే ఆయా. బంగళా వెనక వంటిల్లు, వంటింటి వెనక బావి, బావి దాటాక పెంకుటిళ్ళ వరుస. అందులో చివరిది మాది. నేను 1954లో ఆ ఇంట్లోనే పుట్టాను, 14 ఏళ్ళు అక్కడే పెరిగాను. ఒంగోలు అప్పటికింకా గుంటూరు జిల్లాలో ఉంది. దొరగారి పేరు, వాళ్ళ పిల్లల పేర్లు ఇక్కడ రాయడం లేదు. వాళ్ళని అడక్కుండా రాయడానికి నాకు మనసొప్పలేదు. మేం పిలిచినట్టే దొరగారు, అమ్మగారు, పెద్దపాప, చిన్నబాబు అంటాను.

ఒంగోలువాళ్ళకి అమెరికా దొరలు కొత్త కాదు. బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు 1866లోనే ఇక్కడికి వచ్చి ఉన్నారు. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో మాడుతున్న పల్లెజనానికి కూలి దొరికేలా చేశారు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా నాన్న వాళ్ళ తాత కూడా ఆ రోజు ఆ నీళ్ళలో దిగాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. అందుకే మా వాళ్ళకి దొరలంటే భయం కంటే చనువే ఎక్కువ. అయినా వాళ్ళు ఇంటి లోపల ఎలా బతుకుతారో ఊళ్ళో ఎవరికీ తెలిసేది కాదు. మాకు తెలుసు. వంటింట్లో నిలబడితే ఇల్లంతా తెలుస్తుంది.

తెల్లారి 5 గంటలకి నాన్న పొయ్యి రాజేసేవాడు. మొదటి పని నీళ్ళు. బావి నీళ్ళు పెద్ద గుండిగలో పోసి 20 నిమిషాలు తెర్లించాలి, చల్లార్చాలి, ఫిల్టరులో పోయాలి, కూజాలకి ఎత్తాలి. పచ్చిగా తినే టమాటాలనీ ఆకులనీ పర్మాంగనేటు కలిపిన ఊదారంగు నీళ్ళలో నానబెట్టాలి. మాంసం, వెన్న, రొట్టె పెట్టే జాలీ బీరువా నాలుగు కాళ్ళూ నాలుగు నీళ్ళ గిన్నెల్లో ఉండేవి, చీమలెక్కకుండా. ఆ గిన్నెల్లో నీళ్ళు ఆరిపోకుండా చూడటం చిన్నప్పుడు నా పని. నాకు అప్పగించిన మొదటి ఉద్యోగం అదే. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

ఏడుంబావుకి ముందు వరండాలో ప్రార్థన. దొరగారూ అమ్మగారూ కుర్చీల్లో, మేం చాప మీద. నాన్న, అమ్మ, తోటమాలి, వాచ్‌మన్, జీపు డ్రైవరు, నేను. తెలుగు బైబిల్లోంచి తలా రెండు వచనాలు చదివేవాళ్ళం. చదువురాని తోటమాలి మాత్రం వారం వారం ఒక వచనం కంఠస్థం చేసి అప్పజెప్పేవాడు. అది అయ్యాక దొరగారు జీపులో పల్లెలకి. సంఘాల్లో తగువులు, బడి పంతుళ్ళ జీతాలు, వానకి కూలిన ప్రార్థనాలయం గోడ, ఏ ఊళ్ళోనో కలరా... ఆయన తిరిగి వచ్చేసరికి బూట్ల నుంచి కనుబొమల దాకా ఎర్రదుమ్ము. అమ్మగారి పని ఇంట్లోనే ఉన్నట్టుండేది గానీ, నా ఉద్దేశంలో ఆవిడకే ఎక్కువ పని. బోర్డింగు పిల్లల బియ్యం లెక్క, పల్లెల్లో బైబిలు చెప్పే స్త్రీల నెలవారీ మీటింగు, వెనక వరండాలో మందుల పెట్టె. పుండ్లు, కురుపులు, కళ్ళకలకలు అన్నీ అక్కడికే వచ్చేవి. పెద్ద జబ్బయితే చీటీ రాసి మిషన్ ఆస్పత్రికి పంపేవారు.

ఆవిడ తెలుగు చూసి పిల్లలు నవ్వేవాళ్ళు. మున్షీ దగ్గర పుస్తకాల తెలుగు నేర్చుకున్నారు గదా, "బట్లరూ, నేను బజారునకు పోవుచున్నాను" అనేవారు. పెద్దపాప, చిన్నబాబు మాత్రం మా అమ్మ ఒళ్ళో పెరిగినవాళ్ళు. "ఎల్లొస్తానమ్మా, బువ్వ పెట్టు" అనే ఒంగోలు తెలుగు వాళ్ళది. తల్లికి తెలియని మాటలు కూడా వాళ్ళకొచ్చు. ఇంట్లో ఇంగ్లీషు, పెరట్లో తెలుగు. ఏ గుమ్మం దగ్గర ఏ భాష మార్చాలో మూడేళ్ళ వయసుకే వాళ్ళకి తెలిసిపోయింది.

అలాంటి పిల్లల్ని ఆరో ఏడో ఏళ్ళు రాగానే కొడైకెనాల్ పంపేసేవాళ్ళు. మిషనరీల పిల్లల కోసం 1901లో అక్కడ పెట్టిన స్కూలు అది. ఒంగోలు నుంచి మద్రాసు, మద్రాసు నుంచి కొడైరోడ్డు దాకా రైలు, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు మీద పైకి. జనవరిలో వెళ్ళేవాళ్ళు. ఎండాకాలం కొన్ని వారాలు అమ్మగారు తనే పైకి వెళ్ళి, అద్దె ఇంట్లో ఉండి పిల్లల్ని దగ్గర పెట్టుకునేవారు. పెద్ద సెలవులు అక్టోబరు నుంచి జనవరి మొదటివారం దాకా. క్రిస్మస్ అమ్మానాన్నల దగ్గర జరుపుకోవాలనే సెలవులు అలా పెట్టారని నాన్న చెప్పేవాడు. అంటే ఏడాది మొత్తం మీద ఆ తల్లి తన ఇంట్లో, తన బల్ల దగ్గర పిల్లలకి అన్నం పెట్టుకునేది ఆ పదీ పదకొండు వారాలే. ఈ సంగతి నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. నాకు బిడ్డ పుట్టాక అర్థమైంది.

వాళ్ళు లేని రోజుల్లో ఇంట్లో టైపు మిషను మోతే ఎక్కువ. ఆదివారం మధ్యాహ్నం అమ్మగారు పిల్లలకి ఉత్తరం రాసేవారు. సోమవారం కార్బన్ కాగితాలు పెట్టి అమెరికాలో ఉన్న తల్లికి, అక్కచెల్లెళ్ళకి ఒకే ఉత్తరం నాలుగు ప్రతులు. సెప్టెంబరులో పెద్ద ఉత్తరం ఒకటి, క్రిస్మస్ ఉత్తరం. తమని పంపిన సంఘాలకి, తెలిసినవాళ్ళందరికీ. ఓడలో వెళ్ళే టపా కాబట్టి ఒంగోలులో ఉక్కపోస్తుండగానే డిసెంబరు శుభాకాంక్షలు రాయాలి. కరెంటు పోయి, చెమట కాగితం మీద పడకుండా తువాలు మెడకి చుట్టుకుని, ఆవిడ ఆ ఉత్తరం కవర్ల మీద అడ్రసులు రాయడం నాకు బాగా గుర్తు. అక్కడి నుంచి వచ్చే పార్సెళ్ళు కూడా అంతే. క్రిస్మస్‌కి పంపినవి కొన్నిసార్లు ఈస్టరుకి చేరేవి. చేరాక పోస్టాఫీసులో సుంకం కట్టి తెచ్చుకోవాలి. ఆలస్యంగా వచ్చినవాటిని అమ్మగారు విప్పేవారు కాదు. బీరువా పై అరలో పెట్టి మళ్ళీ డిసెంబరు దాకా తాళం వేసేవారు.

పార్సెళ్ళలో నాకు బాగా ఇష్టమైనవి వైట్ క్రాస్ పెట్టెలు. అమెరికాలో బాప్టిస్టు సంఘాల స్త్రీలు పాత దుప్పట్లు ఉతికి, చించి, చుట్టలు చుట్టి ఆస్పత్రికి కట్లు కట్టడానికి పంపేవాళ్ళు. వాటితోపాటు వాడేసిన క్రిస్మస్ కార్డులు వచ్చేవి. వందల కొద్దీ. బొమ్మ ఉన్న సగం కత్తిరించి, వెనక తెలుగులో ఒక వచనం రాసి, ఆదివారపు బడి పిల్లలకి బహుమతిగా ఇచ్చేవాళ్ళం. ఎనిమిదేళ్ళ నుంచి ఆ వచనాలు రాసే పని నాది, ఎందుకంటే నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని అమ్మగారి అభిప్రాయం. నా చేతిరాతని మెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడే. తర్వాత 32 ఏళ్ళు నల్లబల్ల మీద రాసి బతికాను.

ఆ కార్డుల మీద ఇళ్ళ కప్పులు, చెట్లు, బళ్ళు అన్నీ తెల్లగా ఉండేవి. దూది అంటించారనుకున్నాను. పెద్దపాపని అడిగితే "మంచు" అంది. మంచంటే నాకు తెలుసు. డిసెంబరు పొద్దున గడ్డి మీద ఉంటుంది, కాళ్ళు తడుస్తాయి, ఎండ రాగానే పోతుంది. ఇల్లు మునిగేంత మంచు ఎలా పడుతుందో పెద్దపాపకీ చెప్పడం రాలేదు. మరి తనూ చూడలేదుగా! ఎప్పుడో రెండేళ్ళ వయసులో, దొరగారికి ఏడాది సెలవు దొరికి వెళ్ళినప్పుడు చూసిందట, గుర్తు లేదంది. ఇద్దరం చాలాసేపు ఆ బొమ్మని చూస్తూ కూర్చున్నాం. ఆ అమ్మాయి తన దేశాన్ని నాతోపాటు కార్డు మీదే చూసిందని ఇప్పుడనిపిస్తుంది.

వంటకి వస్తాను. ఇక్కడ మా నాన్న గురించి రాయకపోతే నాకు నిద్రపట్టదు.

అమెరికా క్రిస్మస్‌కి కావలసినవేవీ ఒంగోలులో దొరికేవి కావు. యాపిల్ పండ్లు మద్రాసు నుంచి రావాలి, ప్రాణం పోయేంత ఖరీదు. నాన్న పచ్చి బొప్పాయి చెక్కు తీసి, పల్చగా తరిగి, నిమ్మరసం, చక్కెర, దాల్చినచెక్క వేసి ఉడికించేవాడు. దాన్ని మైదా పిండి మూతల మధ్య పెట్టి కాలిస్తే అదే యాపిల్ పై. కోడి వేపుడుతో వాళ్ళకి ఒక ఎర్రటి పుల్లటి జామ్ లాంటిది కావాలి, అక్కడ ఏదో చిన్న ఎర్ర పండుతో చేస్తారట. ఇక్కడ గోంగూర ఉండగా పులుపుకి కరువేమిటి? ఎర్ర గోంగూర పూసి కాయ పట్టాక, కాయ చుట్టూ మందంగా ఎర్ర రేకలుంటాయి చూడండి, అవి ఒలిచి, ఉడికించి, వడగట్టి, చక్కెర పోసి పాకం పట్టేవాడు. చల్లారితే గాజుముక్కలా నిగనిగలాడేది. ఈ రెండూ నాన్న కనిపెట్టినవి కావు. పాత మిషనరీల ఇళ్ళలో ఒక బట్లరు నుంచి ఇంకో బట్లరుకి చెప్పుకుంటూ వచ్చినవి. కానీ ఆ పాకం తీగ పట్టు దగ్గర ఆపడం మాత్రం నాన్న చేతికే తెలుసు.

కేకు నవంబరు చివరలో చేసేవాళ్ళు. జీడిపప్పు, ఎండు ద్రాక్ష, బూడిదగుమ్మడి మిఠాయి ముక్కలు, జాజికాయ. అవెన్ అంటే కిరసనాయిలు డబ్బా రేకుతో చేయించిన పెట్టె. కింద బొగ్గులు, పైన రేకు మీద బొగ్గులు. వేడి ఎంతుందో చూడటానికి యంత్రమేమీ లేదు. నాన్న చెయ్యి లోపల పెట్టి లెక్కపెట్టేవాడు. పది లెక్కపెట్టేలోపు చెయ్యి తీయాల్సి వస్తే కేకుకి ఎక్కువ, ఇరవై దాకా ఉంచగలిగితే తక్కువ. ఆయన కుడిచేతి వెనక వెంట్రుకలుండేవి కావు.

బిస్కెట్లకి నక్షత్రం అచ్చు కావాలని అమ్మగారు ఒకసారి కాగితం మీద గీసిచ్చారు. నాన్న దాన్ని బజారులో రేకు పనివాడి దగ్గరికి తీసుకెళ్ళాడు, నన్నూ వెంటబెట్టుకుని. ఆయన ముస్లిం, ముసలాయన. డబ్బా రేకు పట్టీ కత్తిరించి, గీసిన దాని మీద వంచుకుంటూ వచ్చి, ఐదో కోణం దగ్గర ఆగి, "ఇది దేనికి బట్లరూ?" అన్నాడు. యేసు ప్రభువు పుట్టినప్పుడు కనిపించిన చుక్క అని నాన్న చెప్పాడు. "ఈసా ప్రవక్త చుక్కకి డబ్బులేంటి" అని తీసుకోలేదు. క్రిస్మస్ మర్నాడు నాన్న ఆయనకి ఒక డబ్బా నిండా బిస్కెట్లు తీసుకెళ్ళాడు. ఆ తర్వాత ఏటా తీసుకెళ్ళాడు.

1965, 66లో చక్కెరకి రేషను. జూలై నుంచే అమ్మగారు టీలో చక్కెర మానేశారు, దొరగారికి సగం చేశారు. ఆ మిగిల్చిన చక్కెర గాజు సీసాలో వేసి, సీసాకి కాగితం అంటించి గీతలు పెట్టారు. పిల్లలు వచ్చేసరికి సీసా నిండాలి. మా అమ్మ ఇది చూసి మా వాటాలోంచి రెండు గిద్దలు తెచ్చి ఎవరికీ చెప్పకుండా ఆ సీసాలో పోసింది. అమ్మగారు గీత చూసి కనిపెట్టేశారు. ఏమీ అనలేదు. ఆ ఏడు మా ఇంటికి వచ్చిన కేకు ముక్క మామూలుగా వచ్చేదానికి రెండింతలుంది.

చెట్టు కొత్తపట్నం నుంచి వచ్చేది. సముద్రం ఒడ్డున సర్వి తోపులుండేవి, సరుగుడు అని కూడా అంటారు. దొరగారు, పిల్లలు, నేను జీపులో వెళ్ళేవాళ్ళం. తోట మనిషికి డబ్బిచ్చి, నిలువెత్తు చెట్టొకటి కొట్టించి, జీపు వెనక కట్టి తెచ్చేవాళ్ళం. దారంతా చెట్టు కొస రోడ్డు మీద గీతలు గీసుకుంటూ వచ్చేది. ఇసుక నింపిన గంగాళంలో దాన్ని హాలులో నిలబెట్టేవారు. రంగు కాగితం గొలుసులు, సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం చుట్టిన చింతగింజలు, బూరుగు దూది. మొక్కజొన్న పేలాలు సూదీదారంతో గుచ్చి దండలు చేసి వేస్తే రాత్రికి రాత్రే చీమలొచ్చాయి. అప్పటి నుంచి గంగాళం చుట్టూ నీళ్ళ పళ్ళెం. దాన్ని చూసుకునే పని కూడా నాకే వచ్చింది.

సర్వి ఆకు పైన్ ఆకులాగే ఉంటుందట. గాలికి చప్పుడు కూడా అలాగే చేస్తుందట. దొరగారు ఒకసారి ఆ చెట్టు పక్కన కళ్ళు మూసుకుని నిలబడి ఉండగా చూశాను. నేను వచ్చానని తెలిసి కళ్ళు తెరిచి, "మా ఊరు" అన్నారు. అంతే.

1963 సంగతి వేరు. నవంబరు 23, శనివారం. పొద్దున ప్రార్థనకి మేం చాప పరుచుకుని కూర్చున్నాం, దొరగారు రాలేదు. లోపల రేడియో గరగరమంటోంది. కాసేపటికి అమ్మగారు వచ్చి, అమెరికా ప్రెసిడెంటు కెనడీగారిని కాల్చి చంపేశారని చెప్పి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. పదింటికల్లా ఊరు ఊరంతా బంగళాకి రావడం మొదలుపెట్టింది. ఆఫీసర్లు, వకీళ్ళు, పొగాకు వ్యాపారులు, రేకు పనివాడు, పల్లెల నుంచి నడిచివచ్చిన సంఘపు పెద్దలు. చావింటికి వచ్చినట్టే వచ్చారు. మాట్లాడకుండా కాసేపు కూర్చుని లేచి వెళ్ళారు. ఎవరో పత్రికలోంచి కెనడీ బొమ్మ కత్తిరించి తెచ్చి, చామంతి దండ వేసి వరండాలో పెట్టారు. కెనడీ గెలిచిన ఎన్నికలో దొరగారు ఎవరికి ఓటేసేవారో, అసలు వేశారో లేదో మాకు తెలీదు. ఆ రోజు మాత్రం ఆయన మా వీధిలో పోయిన మనిషికి బంధువులా అందరికీ చేతులు జోడిస్తూ నిలబడ్డారు.

ఆ ఏడు చెట్టు వద్దనుకున్నారు ముందు. చిన్నబాబు ఏమీ అడగలేదు గానీ, రోజూ వెళ్ళి ఖాళీ గంగాళంలో ఇసుక సర్దుతుండేవాడు. డిసెంబరు పదిహేను దాటాక అమ్మగారే "జీపు తీయండి" అన్నారు.

క్రిస్మస్ నాటిక బోర్డింగు పిల్లలది. పసి యేసుని చూడవచ్చిన జ్ఞానుల వేషాలకి దొరగారి ఇంట్లోని పట్టు గౌన్లు, మా నాన్న తలపాగాలు. గొర్రెల కాపరులకి నిజం కంబళ్ళు, నిజం కర్రలు, ఎందుకంటే వాళ్ళు నిజంగా కాపరుల పిల్లలే. పశువుల పాకలోకి నిజమైన ఒంగోలు దూడ. మా ఊరి పశువుల సంగతి చెప్పాలా? ఇక్కడి నుంచి వెళ్ళిన జాతే బ్రెజిల్‌లో నెలోరె అనే పేరుతో దేశమంతా నిండింది. దొరగారు అమెరికాలో రైతుబిడ్డ. ఒంగోలు ఎద్దు కనిపిస్తే జీపు ఆపి దిగి చూడాల్సిందే. నాటికలో దూడని పట్టుకునే పని ఎవరికీ ఇచ్చేవారు కాదు, తనే తెర వెనక దాని మెడ మీద చెయ్యేసి కూర్చునేవారు.

24 రాత్రి పాటల గుంపు. ముందు ఒకడు పెట్రోమాక్స్ దీపం నెత్తిన పెట్టుకుని, వెనక డోలు, తాళాలు, హార్మోనియం మెడకి తగిలించుకున్న బోర్డింగు పంతులు. ఇంటింటికీ తిరిగి తెల్లారగట్ల మూడింటికి బంగళాకి చేరేవాళ్ళం. వెదురు బద్దల నక్షత్రం పొడుగాటి గడ మీద వెలుగుతుండేది. నాన్న పెద్ద గుండిగతో కాఫీ కాచి సిద్ధంగా ఉండేవాడు. దొరగారూ అమ్మగారూ నిద్ర మొహాలతో కాదు, తలదువ్వుకుని, పాటల పుస్తకం పట్టుకుని వరండాలో నిలబడి ఉండేవాళ్ళు. తెలుగు పాట మూడు చరణాలూ మాతోపాటు పాడి, తర్వాత నలుగురే కలిసి ఇంగ్లీషులో ఒకటి పాడేవాళ్ళు. పెద్దపాప గొంతు సన్నగా పైకి వెళ్ళేది. మా గుంపు అంతా అప్పుడు ఊపిరి బిగబట్టి వినేది. ఎందుకో ఆ పాటకి మా అమ్మ ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేది.

తెల్లారాక జూయెట్ స్మారక చర్చిలో ఆరాధన, అది అయ్యాక బంగళాకి జనం. ఒక్కొక్కరి చేతిలో ఒక దండ, ఒక నిమ్మకాయ. చేతులూపుకుంటూ పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళకూడదుగా. మధ్యాహ్నానికి దొరగారి మెడ కనిపించేది కాదు, వరండా బల్ల మీద నిమ్మకాయలు గుట్ట. ఆ నిమ్మకాయలన్నీ 26న బోర్డింగుకి, మా వరుస ఇళ్ళకి పంచేవారు. జనవరి అంతా మా కాంపౌండులో ప్రతి ఇంటి గోడ మీదా ఊరగాయ ముక్కలు ఎండుతుండేవి.

మాకు ఏటా బట్టలు, సబ్బు, కమలాపండ్లు ఇచ్చేవారు. నాకు ఒక ఏడు అట్టపెట్టెలో పన్నెండు రంగుల పెన్సిళ్ళు. మధ్యాహ్నం భోజనానికి ఆస్పత్రి మిస్సమ్మలు కూడా వచ్చేవారు. పొడుగాటి బల్ల, తెల్లటి గుడ్డ, మధ్యలో గన్నేరు పూలు. బొప్పాయి పై ముక్క నోట్లో పెట్టుకుని మిస్సమ్మలు "యాపిలే!" అనడం, నాన్న గుమ్మం దగ్గర నిలబడి నవ్వడం. ఆ బల్ల మీదికి వెళ్ళిన ప్రతి గిన్నె నాన్న చేతి మీదుగానే వెళ్ళింది. ఆ బల్ల దగ్గర నాన్న ఎన్నడూ కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు, నాన్నా కోరుకోలేదు. అప్పట్లో నాకూ అందులో తప్పు కనిపించలేదు. ఇప్పుడు కనిపిస్తుంది. వాళ్ళు మమ్మల్ని ప్రేమించారన్నది ఎంత నిజమో ఇదీ అంతే నిజం, రెండూ రాయాలి.

జనవరి 1 తెల్లవారుజామున ప్రార్థన కొండ ఎక్కేవాళ్ళం. 1854లో అదే రోజు, అదే వేళకి జూయెట్ దొరగారు, ఆయన భార్య, వెంట వచ్చిన కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని దేవుణ్ణి అడిగారు. అందుకే కొత్త సంవత్సరం ప్రార్థన అక్కడే. చీకట్లో లాంతర్లు పట్టుకుని ఎక్కేవాళ్ళం. సూర్యుడు సముద్రం వైపు నుంచి లేచేవాడు. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే అమ్మగారు మాత్రం కళ్ళు తెరిచి పిల్లలిద్దరినీ చూస్తూ ఉండేవారు. నేనూ కళ్ళు మూసుకోలేదు కాబట్టి నాకు తెలుసు.

కొండ దిగితే ట్రంకు పెట్టెలు. బట్టలన్నిటికీ పేరు కుట్టిన పట్టీలు, ఊలు కోట్లు, బిస్కెట్ల డబ్బా. డబ్బా అడుగున నాన్న ఎవరికీ చెప్పకుండా పెట్టే కారప్పూస పొట్లం. స్టేషన్‌కి మేమంతా వెళ్ళేవాళ్ళం. పెద్దపాప ఏడ్చేది కాదు, మొహం గట్టిగా పెట్టుకునేది. చిన్నబాబు మొదటిసారి వెళ్ళిన ఏడు, మా అమ్మ కొంగు పట్టుకుని "ఆయమ్మా, నేను ఎల్లను" అని తెలుగులో ఏడ్చాడు. అమ్మగారికి ఆ తెలుగు బాగా అర్థమైంది. కొంగులోంచి ఒక్కొక్క వేలూ మెల్లగా విడదీసి రైలెక్కించారు. రైలు కదిలాక ఆవిడ ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, అక్కడే చాలాసేపు నిలబడ్డారు. తిరిగివస్తూ దారిలో ఎవరం మాట్లాడలేదు.

చెట్టుని వెంటనే తీసేవారు కాదు. జనవరి ఆరుకి తీసేయాలని దొరగారు అనేవారు గానీ అమ్మగారు వినేవారు కాదు. పిల్లల దగ్గర నుంచి మొదటి ఉత్తరం వచ్చేదాకా అది హాలులో ఉండాలి. అప్పటికి సర్వి ఆకు గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే రాలిపోయేది. మా అమ్మ రోజూ పొద్దున చీపురు పట్టుకుని గంగాళం చుట్టూ ఊడ్చేది. పళ్ళెంలో నీళ్ళు నేను పోస్తూనే ఉండేదాన్ని, చెట్టు మీద పేలాలు లేకపోయినా.

1968లో వాళ్ళు సెలవు మీద అమెరికా వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ ముందు జనవరిలో ఉత్తరం బాగా ఆలస్యమైంది, పన్నెండు రోజులు పట్టింది. పోస్టుమాన్ సైకిలు గేటు దగ్గర ఆగగానే నేను పరుగెత్తుకెళ్ళి అందుకుని ఇచ్చాను. అమ్మగారు నిలబడే చదివారు, రెండుసార్లు చదివారు. అప్పుడు వంటింటి వైపు తిరిగి, "బట్లరూ, ఇక తీసివేయుము" అన్నారు. నాన్న గొలుసులు విప్పి పెట్టెలో పెట్టి, చెట్టుని గుమ్మంలోంచి అడ్డంగా బయటికి తీసుకెళ్ళి బావి దగ్గర గొడ్డలితో కొట్టాడు. ఎండిన సర్వి గుప్పున మండుతుంది. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం దానితోనే ఉడికింది.